పావు సెకను పనితనం

1981లో రూపుదిద్దుకున్న ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి ఐపీవీ4లో ఒక్కో చిరునామాకు 32 బిట్లే. అన్నీ కలిపితే 429 కోట్ల పైచిలుకు. ప్రపంచమంతటికీ పంచిపెట్టే ఆ ఉమ్మడి నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. 128 బిట్ల ఐపీవీ6 ప్రమాణం 1995లోనే వచ్చింది గానీ, ఈ రెండూ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. ఏళ్ల తరబడి పక్కపక్కనే నడవక తప్పదు. ఆ కాపురం మనకు ఇబ్బంది కాకుండా చూసే పద్ధతి పేరు 'హ్యాపీ ఐబాల్స్'. ఇంటర్నెట్‌లో ఇంత చిన్న పనిలో ఇంత ఆలోచన ఇమిడినవి నాకు తెలిసి చాలా తక్కువ.

ఒక సైటుకు రెండు రకాల చిరునామాలూ ఉంటే సాధారణంగా ఫోను ముందు ఐపీవీ6నే ప్రయత్నిస్తుంది. దారి మధ్యలో ఎక్కడో తెగి ఉంటే జవాబు రాదు, రాదన్న కబురూ రాదు. పాత ప్రోగ్రాములు పదుల సెకన్లు వేచి చూసి, అప్పుడు ఐపీవీ4 వైపు తిరిగేవి. అంతసేపు ఎవరాగుతారు? అందుకే పెద్ద సైట్లు సైతం కొత్త చిరునామా ప్రకటించడానికి జంకేవి.

దీనికి 2012లో డాన్ వింగ్, ఆండ్రూ యుర్చెంకో ఆర్‌ఎఫ్‌సీ 6555 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో పరిష్కారం రాశారు. 2017లో డేవిడ్ స్కినాజీ, టామీ పాలీ ఆర్‌ఎఫ్‌సీ 8305లో దానికి మెరుగులు దిద్దారు. పద్ధతి ఇది: ముందు ఐపీవీ6తో కనెక్షన్ మొదలుపెట్టాలి. 250 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే, దాన్ని వదలకుండానే ఐపీవీ4తోనూ మొదలుపెట్టాలి. ఏది ముందు కుదిరితే అది ఖాయం, రెండోది రద్దు.

అసలు నేర్పంతా ఆ 250లోనే ఉంది. రెండింటినీ ఒకేసారి మొదలుపెడితే సర్వర్ల మీద అనవసరపు కనెక్షన్ల భారం పడుతుంది. పైగా కాస్త తేడాతో పాత దారే గెలుస్తూ పోతే కొత్తదానికి మారడమే కుంటుపడుతుంది. పావు సెకను ఆలస్యాన్ని మనిషి ఓర్చుకోగలడు. బాగా పనిచేస్తున్న ఐపీవీ6 తన జవాబు పంపడానికి ఆ వ్యవధి చాలు. పేరును బట్టి చిరునామా వెతికేటప్పుడూ ఇదే మొగ్గు: ఐపీవీ4 చిరునామా ముందొచ్చినా, ఐపీవీ6 కోసం మరో 50 మిల్లీసెకన్లు ఆగమంటుంది ప్రమాణం. బలవంతం ఎక్కడా లేదు, కానీ అడుగడుగునా కొత్తదానికే తొలి అవకాశం.

దీనికీ ఒక ఖరీదుంది. ఐపీవీ6 చెడిపోయినా పేజీ తెరుచుకుంటుంది కాబట్టి, లోపం నెలల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. ఈ సంగతి ఆర్‌ఎఫ్‌సీ 8305 దాచలేదు. నెట్‌వర్క్ నడిపేవారు ఐపీవీ6ను విడిగా గమనించుకోవాలని సూచించింది. తన పని ఎక్కడ దెబ్బతింటుందో తానే చెప్పడం నిజాయితీ గల పనివాడి లక్షణం.

1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ పాత ప్రోటోకాల్‌ను వదిలి టీసీపీ/ఐపీకి మారింది. అప్పుడున్నవి కొన్ని వందల కంప్యూటర్లు, తేదీ పెట్టి మారమనగలిగారు. కోట్లాది యంత్రాలకు ఇవాళ అలాంటి తేదీ ఎవరూ పెట్టలేరు. అందుకే హ్యాపీ ఐబాల్స్ పద్ధతి ఏ దారిన వెళ్లాలన్న నిర్ణయాన్ని ఒక్కో కనెక్షన్‌కే వదిలేసింది. దారి బాగున్న చోట ఐపీవీ6 వాడకం దానంతటదే పెరుగుతుంది, బాగులేని చోట పేజీ కోసం ఎదురుచూస్తున్న మనిషికి నష్టం లేదు. మార్పు మూల్యాన్ని మామూలు మనిషి మీద వేయకపోవడమే దీని గొప్పతనం.