చంద్రోదయం దాకా

మా ఊరి కురుక్షేత్రంలో దుర్యోధనుడి కిరీటానికి వెనకాల నాడా బిగించేది భీముడే. భుజకీర్తులు కట్టుకున్నాక ఎవరి చేతులూ ఎవరి మెడ వెనక్కి పోవు గదా. "ఇంకాస్త బిగించన్నా, రాగం తీసేటప్పుడు జారతా ఉండాది" అంటాడు కౌరవేశ్వరుడు. "జారనీరా అబ్బయా, తెల్లారేలోగా ఎట్టాగూ కింద పడాల్సిందే గదా" అంటాడు భీముడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే బీడీ ముట్టించి, మీసాలకి నిప్పు తగలకుండా ఒకరి తర్వాత ఒకరు రెండేసి దమ్ములు లాగి, ముందు ఒకడూ వెనక ఒకడూ స్టేజీ ఎక్కుతారు. అక్కడికి పోయాక ఒకరి తొడ ఒకరు విరుస్తామంటారు.

అప్పుడు నాకు పదహారేళ్లు. తెర తాడు లాగడం నా పని. చిల్లకూరులో కనుమ రాత్రి నాటకం. పందిరికి కూతవేటు దూరంలో మద్రాసు రోడ్డు. తీరం వైపు నుంచి తెల్ల ఇసుక లారీలు పోయినప్పుడల్లా దుమ్ము లేచి రాజుల ముఖాల మీద అర్దళంలో కలిసిపోయేది. తాడు పట్టుకున్నవాడికి రెండు వైపులా కనపడుతుంది. ముందు చూస్తే పాండవులు వేరు, కౌరవులు వేరు. వెనక్కి తిరిగితే అందరికీ ఒకటే చాప, ఒకటే టీ క్యాను.

మొన్న క్రిస్మస్ సెలవులకి వచ్చిన మేనల్లుడు లాప్‌టాప్‌లో ఒక ఫ్రెంచి సినిమా పెట్టాడు. పేరు 'జ్వాయో నోయెల్'. 2005లో క్రిస్టియన్ కారియన్ తీసిన సినిమా, ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధం, 1914 క్రిస్మస్ ముందురాత్రి. ఒక పక్క జర్మన్లు, ఎదురుగా ఫ్రెంచివాళ్లూ స్కాట్లాండు వాళ్లూ. కందకాల్లోంచి అటు పాట, ఇటు బ్యాగ్‌పైపు. జర్మన్ గాయకుడొకడు చిన్న క్రిస్మస్ చెట్టు చేతపట్టుకుని తుపాకుల ఎదటికి నడిచొస్తాడు. మూడు సైన్యాల అధికారులూ మధ్యలో కలుసుకుని ఆ రాత్రికి కాల్పులు వద్దనుకుంటారు. మావాడు కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, అబద్ధమెందుకు. అయిపోయాక అడిగాడు: "మామా, మన కథల్లో ఇట్టాంటిది ఏమన్నా ఉందా?"

ఉంది. అదీ నెల్లూరులో తెలుగైన కథలోనే ఉంది. దాని సంగతికి వచ్చే ముందు ఆ 1914 సంగతి ఒకటి చెప్పుకోవాలి.

పాటలు నిజమే. కందకాల గట్ల మీద కొవ్వొత్తులు వెలిగించిన చిన్న చెట్లూ నిజమే. పండక్కయినా తుపాకులు ఆపమని పోపు పదిహేనో బెనెడిక్ట్ డిసెంబరు మొదట్లోనే అడిగాడు, రాజ్యాలు వినలేదు. రాజ్యాలు వినని మాట సిపాయిలు విన్నారు. లక్ష మంది దాకా అందులో కలిసి ఉంటారని చరిత్రకారుల అంచనా. అయితే ఆ రోజు జరిగిన పని ఏమిటని చూస్తే, చాలాచోట్ల మొట్టమొదటి పని శవాలు పూడ్చడం. రెండు కందకాల మధ్య ఎవరూ అడుగు పెట్టలేని నేలలో, అంతకు వారం ముందు దాడుల్లో పడినవాళ్లు పడినట్టే ఉన్నారు. కందకాల్లో మోకాలి లోతు నీళ్లు, బురద. వాటిని సరిచేసుకోవాలి. పాట తలలు పైకెత్తించింది. ఎత్తిన తలల్ని సాయంత్రం దాకా నిలబెట్టింది మాత్రం పని.

నాకు బాగా నచ్చిన ముచ్చట ఫ్రెలాంగియన్ అనే ఊరి దగ్గర జరిగింది. రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ దళంలో స్టాక్‌వెల్ అనే కెప్టెన్ ఉన్నాడు. ఎదుటి జర్మన్లు బీరు పీపాలు దొర్లించి పంపారు, ఈయన క్రిస్మస్ పుడ్డింగు పంపాడు. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి ఈయన గాల్లోకి మూడు గుళ్లు కాల్చి, శుభాకాంక్షలు రాసిన గుడ్డ ఒకటి గట్టు మీద నిలబెట్టాడు. అటునుంచి జర్మన్ కెప్టెన్ ధన్యవాదాలు రాసిన దుప్పటి ఎత్తాడు. ఇద్దరూ గట్టెక్కి ఒకరికొకరు వంగి సలాము చేసి దిగిపోయారు. జర్మన్ కెప్టెన్ గాల్లోకి రెండు గుళ్లు కాల్చాడు. దాంతో యుద్ధం మళ్లీ మొదలు. ఎంత పద్ధతిగా ఆపారో అంత పద్ధతిగా మొదలుపెట్టారు. ఇందులో స్నేహం కన్నా మాట ఎక్కువ కనపడుతుంది నాకు.

ఆ పండగలో మనవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్సులో దిగిన భారత సైన్యంలోంచి గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు కొందరు ఆ మధ్య నేలలో జర్మన్లతో చేతులు కలిపారు. హిమాలయాల కిందినుంచి పోయిన రైతుబిడ్డలకి ఆ పండగ ఎంత తెలుసో, చలి మాత్రం తెలుసు. రెండున్నర నెలలు తిరక్కుండానే, 1915 మార్చి 10న, అదే రెజిమెంటు న్యూవ్ షాపెల్ దాడిలో దిగింది. గబ్బర్ సింగ్ నేగీకి విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ రోజే, చనిపోయాక. ఆ యుద్ధం మన తీరానికి మరీ దూరమేం కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించి పోయింది. చిల్లకూరు నుంచి బస్సెక్కితే మూడు గంటల దూరం.

ఇప్పుడు మావాడి ప్రశ్నకి జవాబు. ద్రోణపర్వం, పద్నాలుగో రోజు. సైంధవుడు పడ్డాడు, పొద్దు గూకింది. రివాజు ప్రకారం ఆగాల్సిన యుద్ధం ఆగలేదు. దివిటీలు వెలిగించుకుని కొట్టుకున్నారు. ఘటోత్కచుడు కూలాడు. అర్ధరాత్రి దాటేసరికి నిద్రమత్తులో తనవాడెవడో పగవాడెవడో తెలియక నరుక్కుంటున్నారు. అప్పుడు అర్జునుడు నాలుగు దిక్కులకీ వినపడేలా కేక వేశాడు. అందరూ అలిసిపోయారు, గుర్రాలూ ఏనుగులూ అలిసిపోయాయి, ఇష్టమైతే ఉన్నచోటే కాసేపు పడుకోండి, చంద్రుడు వచ్చాక మళ్లీ కొట్టుకుందాం అన్నాడు. ఆ మాట వినగానే కౌరవ సిపాయిలే కర్ణుణ్ణీ దుర్యోధనుణ్ణీ పేరుపెట్టి పిలిచి, అవతలివాళ్లు ఆపారు, మీరూ ఆపండని అరిచారట. ఇక చూడండి. గుర్రం మీదున్నవాడు గుర్రం మీదే, ఏనుగు మీదున్నవాడు కుంభస్థలం మీదే, మిగిలినవాళ్లు నేల మీదే, ఆయుధాలు పక్కన పెట్టుకుని రెండు సైన్యాలూ నిద్రపోయాయి. నిద్రపోతూ కూడా పగవాడికి దీవెనలిచ్చారు. చంద్రుడు వచ్చాడు, లేచారు, మొదలుపెట్టారు. మర్నాడు ద్రోణుడు పోయాడు.

ఇందులో పాట లేదు, కౌగిలింత లేదు. ఎవరూ ఎవరినీ క్షమించలేదు. ఉన్నవి మూడే: ఒకడు ముందు నోరు తెరిచాడు, గడువు చెప్పాడు, అవతలివాడు నమ్మాడు. స్టాక్‌వెల్ గాల్లోకి పేల్చిన మూడు గుళ్లకీ అర్జునుడి చంద్రోదయానికీ తేడా లేదు.

భారతంలో ఇంకో నిద్ర కూడా ఉంది. పద్దెనిమిదో రోజు యుద్ధం అయిపోయిందనుకుని పాండవ శిబిరం పడుకుంటే అశ్వత్థామ చొరబడి ధృష్టద్యుమ్నుణ్ణీ ఉపపాండవుల్నీ నిద్రలోనే చంపాడు. నాలుగు రాత్రుల తేడా. ఆ రాత్రి పగవాడి పక్కన బయలు నేలమీద పడుకున్నవాళ్లు క్షేమంగా లేచారు. ఈ రాత్రి సొంత గుడారంలో పడుకున్నవాళ్లు లేవలేదు. మొదటి నిద్రకి ఇద్దరూ ఇచ్చుకున్న మాట కాపలా ఉంది, రెండోదానికి అది లేదు. మన కాలంలో 2003 నవంబరు 26న, రంజాన్ పండగ నాడు, కాశ్మీరు నియంత్రణ రేఖ మీద రెండు దేశాలూ తుపాకులు దించాయి. ఏళ్ల తరబడి చిరుగుతూ వచ్చిన ఆ మాటని 2021 ఫిబ్రవరిలో మళ్లీ కుట్టుకున్నారు. కుట్టిన గుడ్డని చూసుకుని వాడాలి మరి.

ఈ ద్రోణపర్వాన్ని తెలుగు చేసింది మన నెల్లూరు తిక్కన సోమయాజే. విరాటపర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలు ఆయనవే. కవి అన్న పేరు కింద మనం మరిచిపోయేది ఆయన మంత్రి అని. దాయాదులు లాక్కున్న సింహాసనాన్ని మనుమసిద్ధికి తిరిగి ఇప్పించడానికి ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి రాయబారం పోయింది ఆయనేనంటారు. రాయబారం నడిపినవాడికి తెలుసు, ఆపమన్న మాట ఎవరి నోట వస్తే చెల్లుతుందో.

ఆ ఇంట్లోనే ఇంకో తిక్కన ఉన్నాడు, ఖడ్గతిక్కన. కాటమరాజు ఆవులు మేసిన బీళ్లకి పుల్లరి కట్టాలా వద్దా అన్న తగాదా యుద్ధమైతే, ఆయన ఓడి వెనక్కి వచ్చాడని కథ. ఇంటికొస్తే భార్య మంచం చాటు కట్టి, స్నానానికి నీళ్లూ పసుపు ముద్దా పెట్టింది. అన్నంలోకి తల్లి విరిగిన పాలు పోసింది. ఆయన తిరిగి వెళ్లి పోరాడి చచ్చిపోయాడు. చిన్నప్పుడు ఈ కథ చెప్పి మాకు రోషం నేర్పించారు. ఇప్పుడు చదివితే ఇంకోటి కనపడుతుంది. గడ్డి కోసం వచ్చిన యుద్ధంలో కూడా వెనక్కి తిరిగిన మగాడికి ఇల్లు లేదు.

అందుకే పద్నాలుగో రాత్రి కేక వేసింది అర్జునుడు కావడం నాకు ముఖ్యంగా తోస్తుంది. ఉత్తరకుమారుడు అదే మాట అని ఉంటే నవ్విపోయేవాళ్లు. పసుపు ముద్ద ఎవడూ పంపలేనివాడు ఆపుదామంటేనే ఆ మాట చెల్లింది. ఫ్రాన్సు బురదలో సిపాయికి అంత పేరు లేదు. కాబట్టి వాళ్లు గుంపుగా లేచారు. పదిమంది లేస్తే పిరికితనం, వేలమంది లేస్తే పండగ.

సినిమాకి ఇదంతా పట్టించుకునే తీరిక ఉండదు. దానికి ముఖం కావాలి, పాట కావాలి. పాల్ మెకార్ట్నీ 1983లో 'పైప్స్ ఆఫ్ పీస్' పాటకి తీసిన వీడియోలో ఇంగ్లీషు సిపాయీ జర్మన్ సిపాయీ రెండూ తనే వేశాడు. ఆ ఉపాయం మనకి కొత్తా? 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో కృష్ణుడూ ఎన్టీఆరే, కర్ణుడూ ఎన్టీఆరే, దుర్యోధనుడూ ఆయనే. అదే రోజు కృష్ణ 'కురుక్షేత్రం' కూడా విడుదలైంది. పండగపూట తెలుగు నేలంతా రెండు భారతాల యుద్ధం, హాళ్ల దగ్గర సంధి మాటే లేదు. 2015 దసరాకి క్రిష్ 'కంచె' తీసి రెండో ప్రపంచ యుద్ధాన్నీ ఊళ్లో కులాల మధ్య వేసిన కంచెనీ ఒకే కథలో కట్టాడు, జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. నేను చూసినంతలో, ఆ పద్నాలుగో రాత్రి నిద్రని తెర మీద ఎవరూ చూపలేదు.

ఒకసారి మా నాటకం కాంట్రాక్టరుని అడిగాను, ఆ నిద్ర సీను పెడదామా అని. ఆయన నన్ను పైనించి కిందికి చూశాడు. "నాయనా, రాయబారానికి వన్స్‌మోర్ కొడతారు. పడక సీనుకీ కొడతారు. అందరూ కలిసి నిద్రపోతే ఏం కొడతారు, దోమల్నా?" అన్నాడు.

అయితే ఆ సీను మా ఊళ్లో ఒకసారి ఆడింది. ఆ కనుమ రాత్రే. రెండున్నర ప్రాంతంలో, కర్ణుడు పద్యం సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, హార్మోనియం ఒంటరిదై రెండు మెట్లు వాయించి అదీ ఆగింది. పావుగంట చూశారు, అరగంట చూశారు. జనం తెచ్చుకున్న దుప్పట్లు కప్పుకుని చాపల మీదే వాలిపోయారు. నేను తాడు కొయ్యకి చుట్టి లాంతరు పట్టుకుని స్టేజీ మీదికి పోయాను. అర్జునుడు గాండీవం గోడకి ఆనించి ఒరిగాడు. కృష్ణ వేషం పంచుకున్న ఇద్దరూ, మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, వీపులు ఆనించుకుని కూర్చునే నిద్రపోతున్నారు. దుర్యోధనుడు వెల్లకిలా పడుకున్నాడు. చలికి భీముడు తన పట్టు ఉత్తరీయం సగం ఆయన మీద వేసి, మిగతా సగం తను కప్పుకున్నాడు. కిరీటం నలగకుండా తీసి తన గద మీద బోర్లించాడు. అద్దం ముక్కల మీద లాంతరు వెలుతురు పడి మెరుస్తోంది. రోడ్డు మీద ఇసుక లారీలు పోతూనే ఉన్నాయి. ఎవరికీ మెలకువ రాలేదు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. మైకు కీచుమంది. భీముడు ముందు లేచాడు. దుర్యోధనుడి భుజం తట్టి, "లెయ్‌రా అబ్బయా, టైమయింది" అన్నాడు. కూర్చోబెట్టి కిరీటం తొడిగి, వెనకాల నాడా రెండు ముళ్లు వేసి బిగించాడు. నేను తాడు విప్పి తెర లాగాను.