ఒక్క పేరా, వెయ్యేళ్ల సైటేషన్లు

1006 ఏప్రిల్ చివర్లో, ఈనాడు కువైట్ నగరం ఉన్న చోట నిలబడి అర్ధరాత్రి వేళ దక్షిణానికి చూసినవారికి, శుక్రుణ్ణి మించిన వెలుగుతో ఒక కొత్త చుక్క 22 డిగ్రీల ఎత్తున కనిపించి ఉండాలి. కడపలోనైతే అది 37 డిగ్రీల ఎత్తున నిలిచేది. ఇంత ధీమాగా ఈ లెక్క వేయగలుగుతున్నామంటే, ఆ రాత్రుల్లో ఆకాశం చూసినవారు కొందరు పద్ధతిగా రాసిపెట్టడమే కారణం. వారిలో అలీ ఇబ్న్ రిద్వాన్ ఈజిప్టువాడు. అప్పటికి సుమారు పద్దెనిమిదేళ్ల విద్యార్థి. తర్వాత కైరోలో పేరుమోసిన వైద్యుడయ్యాడు.

ఆ కొత్త చుక్క ఒక సూపర్‌నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం. దాని మీద అతని పరిశోధనంతా ఒక్క పేరా. అది కూడా టాలమీ జ్యోతిష గ్రంథం టెట్రాబిబ్లోస్‌కు రాసిన వ్యాఖ్యానంలో ఉంది. కానీ ఆ పేరాలో అరబ్బు ఖగోళ సంప్రదాయపు పనితనమంతా కనిపిస్తుంది.

మొదటిది స్థానం. సూర్యుడు వృషభం పదిహేనో డిగ్రీలో ఉండగా, సరిగ్గా ఎదురుగా వృశ్చికం పదిహేనో డిగ్రీలో చుక్క కనిపించిందన్నాడు. రెండోది కాలం. ఆనాటి గ్రహస్థితులు నమోదు చేశాడు. శకాలు మారతాయి, రాజుల పాలనా సంవత్సరాలు తారుమారవుతాయి. గ్రహాల అమరికను మాత్రం ఎప్పుడైనా వెనక్కి లెక్క కట్టుకోవచ్చు. జాతకచక్రం నుంచి పుట్టిన తేదీ రాబట్టే మన సిద్ధాంతులకు ఇది తెలిసిన విద్యే. అలా లెక్కిస్తే వచ్చిన తేదీ 1006 ఏప్రిల్ 30.

మూడోది వెలుగు. పరికరాలు లేని రోజుల్లో పోలికే కొలత. పరిమాణంలో శుక్రుడికి రెండున్నర నుంచి మూడింతలు, కాంతిలో వెన్నెలకు పావు వంతుకు కాస్త ఎక్కువ అని రాశాడు. నాలుగోది కదలిక. ఆ చుక్క తన రాశిని వదలకుండా రోజూ దానితోనే తిరిగిందనీ, సూర్యుడు కన్యలోకి వచ్చి దానికి 60 డిగ్రీల దూరంలో ఉన్నప్పుడు మాయమైందనీ చెప్పాడు. తోకచుక్కైతే రాశులు దాటిపోయేది. కాబట్టి అది నక్షత్రమే. అతనికి అది సుమారు నాలుగు నెలలు కనిపించిందని కూడా ఈ మాట వల్లే తేలుతుంది.

1965లో బెర్నార్డ్ గోల్డ్‌స్టీన్ ఈ సాక్ష్యాన్ని ఆస్ట్రనామికల్ జర్నల్‌లో ప్రచురించాడు. అదే ఏడాది గార్డ్‌నర్, మిల్న్ ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుతో ఆ పేలుడు శిథిలాన్ని గుర్తించారు. ఇబ్న్ రిద్వాన్ ఇచ్చింది రాశిచక్రం వెంట కొలిచిన స్థానం ఒక్కటే. ఆకాశంలో ఎంత దక్షిణాన వెతకాలో తెలియడానికి, స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠవాసులు దిక్చక్రానికి దగ్గరగా చూశామన్న మాటా, చైనా నమోదులూ తోడయ్యాయి. దాని దూరం సుమారు 7,100 కాంతి సంవత్సరాలని 2003లో అంచనా వేశారు. పేలిన తారకు తోడు నక్షత్రం మిగిలిందా అని వెతికి, లేదని 2012లో ప్రకటించారు. రెండు శ్వేత మరుగుజ్జు తారలు కలిసిపోవడం వల్లే ఆ పేలుడు జరిగి ఉండవచ్చన్న వాదనకు అది బలమిచ్చింది. పేలిన ఏడాది ఖాయంగా తెలిసిన శిథిలాలు చాలా అరుదు. అందుకే ఆ పాత పేరాకు ఇంత గిరాకీ.

ఇప్పుడు శాస్త్రవేత్తల విలువను అంకెల్లో తూస్తున్నారు. ఒక పత్రాన్ని ఎందరు ఉటంకించారో, అంటే దాని సైటేషన్లు ఎన్నో, లెక్కపెట్టే సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించాడు. 2005లో హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ తెచ్చాడు. కనీసం 20 సైటేషన్లు చొప్పున ఉన్న పత్రాలు 20 ఉంటే ఆ అంకె 20. విశ్వం వేగం పుంజుకుంటూ విస్తరిస్తోందని సూపర్‌నోవాల ద్వారా తేల్చిన 1998, 1999 పత్రాలను వేలసార్లు ఉటంకించారు. 2011లో నోబెల్ కూడా వచ్చింది. అంకె అక్కడ అబద్ధమాడలేదు. కానీ ఇబ్న్ రిద్వాన్ ఒక్క పేరానే పత్రంగా లెక్కిస్తే, దాన్ని ఇంకో వెయ్యేళ్లు ఉటంకించినా అతని హెచ్-ఇండెక్స్ ఒకటి దాటదు.

అంకెకు అందని విలువకు కువైట్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2022 ఫిబ్రవరిలో 101 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఖగోళవేత్త సాలెహ్ అల్ ఉజైరీ పేరు అక్కడ క్యాలెండర్‌కు మారుపేరు. తెల్లవారుజామున సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల కింద ఉన్నాడు, మధ్యాహ్నం దాటాక నీడ ఎంత సాగింది వంటి లెక్కల నుంచే ఆ క్యాలెండర్‌లోని నమాజు వేళలు పుడతాయి. ఎండలు తగ్గే రోజులొచ్చాయని గల్ఫ్ జనానికి చెప్పే సుహైల్ నక్షత్రం కూడా ఈ సంప్రదాయంలోదే. మనం అగస్త్యుడంటాం. కువైట్‌లో ఎనిమిది డిగ్రీలకు మించి పైకి రాదు. కడప వైపు రాజంపేట, రాయచోటి నుంచి అక్కడికి వెళ్లినవారు తమ ఊళ్లో దాన్ని ఇంకా ఎత్తున చూసి ఉంటారు. రోజూ క్యాలెండర్ చూసి ఉపవాసం విరమించే ఇల్లు ఏ సూచికలో సైటేషన్ అవుతుంది?

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీదీ ఇదే కథ. అంతర్జాతీయ నక్షత్ర పటంలో దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీ దాని వాటాకు వచ్చింది. గాజు పలకల మీద ఫోటోలు తీసి, చుక్కల స్థానాలను ఏళ్లతరబడి ఒక్కొక్కటిగా కొలిచారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక 25 లక్షల తారల కదలికను లెక్కించడానికి ఇలాంటి పాత కొలతలనే ఆసరా చేసుకుంది. కొలిచినవారి పేర్లు అక్కడ ఎవరూ వెతకరు.

మూల్యాంకన కమిటీలు వెయ్యేళ్లు ఆగలేవు కనుక అంకెలు తప్పవు. అయితే అంకెతోపాటు మరొకటి కూడా అడగాలి: రాసినవారి సిద్ధాంతం తప్పని తేలినా కొలత నిలుస్తుందా? ఇబ్న్ రిద్వాన్ ఆ చుక్కను యుద్ధాలకూ కరువుకూ సూచన అనుకున్నాడు. ఆ నమ్మకం ఇవాళ ఏ ఖగోళవేత్తకూ అక్కర్లేదు. కొలతలు మాత్రం కావాలి. ఆకాశం చూసే పిల్లలకు, కువైట్‌లోనైనా కడపలోనైనా, మొదట నేర్పాల్సింది ఇదే: తేదీ, వేళ, దిక్కు, ఎత్తు, వెలుగుకు ఒక పోలిక ముందు రాసుకోవాలి. అర్థం ఏమిటన్నది ఆ తర్వాతి సంగతి.