‘మీవాళ్ళు చదవరు’ అనే మాట

‘మీవాళ్ళకి చదువు మీద ధ్యాస ఉండదండీ’ అనే మాట మేం రెండు భాషల్లోనూ వింటూ వచ్చాం. తెలుగులో అనేవాళ్ళు కొంచెం జాలిపడుతూ అంటారు. ఉర్దూలో మా పెద్దమనుషులే విసుక్కుంటూ అంటారు, ‘హమారే బచ్చే పడ్తేచ్ నై’ అని. బయటివాళ్ళ తీర్పు, లోపలివాళ్ళ తీర్పు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే కావటం మాకు అనుమానం కలిగిస్తుంది. ప్రగతిశీల మిత్రులు మరో అడుగు ముందుకేసి కారణాలు కూడా సిద్ధంగా ఉంచుతారు: మదర్సా, బురఖా, మౌల్వీ. సభల్లో, సంపాదకీయాల్లో, కథల్లో ఈ మూడింటినే తిప్పి తిప్పి వాడుతున్నారు. అందుకని ముందు ఈ మాటనే పరీక్షకు కూర్చోబెడదాం.

2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత నూటికి 61కి అటూ ఇటూగా ఉంది. అదే రాష్ట్రంలో ముస్లింల అక్షరాస్యత 68. అవును, ఎక్కువే. మాలో పట్నవాసులు ఎక్కువ కావటం ఇందుకు ఒక కారణం, ఒప్పుకుంటాం. కానీ బడి మెట్లెక్కని జాతి అని ఎవరైనా అంటే ఈ అంకె అడ్డం వస్తుంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ అంకెను కూడా చెప్పింది, దానికి రెండో కొసను కూడా చూపించింది. దేశంలో ఇరవై ఏళ్ళు దాటిన వాళ్ళలో డిగ్రీయో డిప్లొమోయో ఉన్నవాళ్ళు నూటికి ఏడుగురి దాకా ఉంటే, ముస్లింలలో నలుగురు కూడా లేరు. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే పాతికమందిలో ఒక్కరు, పీజీ చదివే యాభైమందిలో ఒక్కరు ముస్లింలు. ఇక మదర్సా సంగతి. బడి ఈడు ముస్లిం పిల్లల్లో అక్కడ చదివేది మూడు, నాలుగు శాతం. మిగతా తొంభై ఆరుమంది గురించి మాట్లాడకుండా ఈ నలుగురి గురించే ఇన్నేళ్ళుగా ఎందుకు మాట్లాడారో మిత్రులే చెప్పాలి.

అంటే మావాళ్ళు బడికి వస్తున్నారు. దారిలో ఎక్కడో రాలిపోతున్నారు. ఆ చోటు ఎక్కడో వెదకాలి.

ఒక చోటు మాకు బాగా తెలుసు. అది పదో తరగతికీ ఇంటర్మీడియట్‌కూ మధ్య ఉంది. ఉర్దూ మీడియంలో పదేళ్ళు చదివిన అమ్మాయిని తీసుకుందాం. త్రిభుజాన్ని ఆమె ‘ముసల్లస్’గా నేర్చుకుంది. వృత్తం ఆమెకు ‘దాయిరా’. శ్వాసక్రియ ‘తనఫ్ఫుస్’, త్వరణం ‘ఇస్రా’. పదేళ్ళు కుడినుంచి ఎడమకు నోట్సు రాసిన చెయ్యి. ఈ అమ్మాయి జూన్‌లో ఏ ప్రైవేటు జూనియర్ కాలేజీలోనో ఎంపీసీ, బైపీసీలో చేరుతుంది. లెక్చరర్ గారు ఇంగ్లీషులో మొదలుపెట్టి, పిల్లలకు అర్థం కాకపోతే తెలుగులోకి దిగుతారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాడికి ఆ మెట్టు ఆసరా. మా అమ్మాయికి అది రెండో గోడ. ‘యాక్సిలరేషన్ అంటే త్వరణం అమ్మా’ అంటారాయన, ఎంతో దయగా. ఆమెకు ఇస్రా తెలుసు, దాని సూత్రం తెలుసు, లెక్క కూడా చేయగలదు. కానీ తనకు తెలిసినదాన్నే ఆ క్లాసులో ఆమె గుర్తుపట్టలేదు. నాలుగు నెలలకు ‘ఈ పిల్ల వీక్’ అని పేరు పడుతుంది. సంవత్సరం తిరిగేసరికి ఇంట్లోనూ అదే అనుకుంటారు. చివరికి ఆమె కూడా అదే అనుకుంటుంది.

ఉర్దూ మీడియంలో ఇంటర్, డిగ్రీ అసలు లేవని మేం అనటం లేదు. ఉన్నచోట ఎక్కువగా ఆర్ట్సు గ్రూపులే. చిన్న పట్నాల్లో అదీ దొరకటం కష్టం. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ తర్వాత కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేర మరొకటి వచ్చింది. సంతోషమే. కింద బడి ఉంది, పైన విశ్వవిద్యాలయం ఉంది. మధ్యలో మెట్లు కట్టటం మరిచిపోయారు. వైద్య ప్రవేశానికి పెట్టిన నీట్ పరీక్షలో 2017లో పది భాషలుంటే అందులో ఉర్దూ లేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2018 నుంచి చేర్చారు. పరీక్ష ఉర్దూలో రాసే హక్కు కోర్టు ఇచ్చింది. ఆ పరీక్షకు తర్ఫీదిచ్చే కార్పొరేట్ కాలేజీలో నోరు తెరిచి ఉర్దూలో ఒక సందేహం అడిగే వీలు ఎవరిస్తారు?

ఇక్కడ మా ఉర్దూ మిత్రులు ఉస్మానియా పేరెత్తి నిట్టూరుస్తారు. నిట్టూర్చాల్సిన చరిత్రే అది. 1918లో ఉర్దూను బోధనా భాషగా పెట్టుకుని ఆ విశ్వవిద్యాలయం పుట్టింది. అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టి, వందల పుస్తకాలు అనువదించి, వైద్యానికీ ఇంజనీరింగుకూ కూడా ఉర్దూలో మాటలు పుట్టించారు. 1948 పోలీసు చర్య తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారిపోయింది. కానీ ఈ కథలో మావాళ్ళు చెప్పకుండా దాటేసే పేజీ ఒకటుంది. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది ఉర్దూ కాదు. తెలుగు పల్లెనుంచి వచ్చిన పిల్లవాడు తనది కాని భాషలో లెక్కలు నేర్చుకున్నాడు. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ సొంత భాషలో చదువు కావాలని అడిగింది ఆ కష్టం వల్లనే. ఆ గోడ ఎత్తు ఎంతో తెలంగాణ తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కర లేదు. తాతలు ఎక్కలేక ఏడ్చిన గోడ ముందు ఇప్పుడు వేరే పిల్లలు నిలబడి ఉంటే, ‘వీళ్ళకి చదువు మీద ధ్యాస లేదు’ అనటం మాకు ఆశ్చర్యంగా ఉంది.

కోస్తాలో, రాయలసీమలో చాలామంది ముస్లిం పిల్లలు తెలుగు మీడియంలోనే చదివారు. వాళ్ళకు ముసల్లస్ గొడవ లేదు. వాళ్ళ గొడవ వేరు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఆ తెలుగులో ఒక క్రియ తప్పితే చాలు, క్లాసంతా నవ్వుతుంది. ఎందుకంటే ఆ నవ్వు వాళ్ళకు ముందే నేర్పి ఉంచారు. తెలుగు నాటకాల్లో, సినిమాల్లో సాయిబు అనేవాడు ‘నువ్వు వస్తాడు, నేను పోతాది’ అని మాట్లాడితే చాలు, హాస్యం అయిపోయింది. రెండు భాషలు మోస్తున్నవాడి నాలుక ఒకచోట తడబడితే అది వినోదం. ఒకే భాష వచ్చినవాడు ‘ఖ’ పలకలేక ‘క’ అంటే అది సహజం. దీన్ని ఎవరైనా విమర్శకుడు సీరియస్‌గా పట్టించుకున్నాడా? ఇది వట్టి కళా సమస్య కాదు. సెమినార్‌లో లేవని విద్యార్థి, వైవా అంటే వణికే విద్యార్థి ఈ నవ్వుల్లోంచి తయారవుతారు. తెలుగు తప్ప మరో భాష రాని దూదేకుల పిల్లల సంగతి మరీ చిత్రం. వాళ్ళను పేరు చూసి ‘మీకు తెలుగు బాగా వచ్చే!’ అని మెచ్చుకుంటారు.

డబ్బు సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. పెద్దకొడుకు మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి దగ్గరో, వెల్డింగు షాపులోనో చేరితే సాయంత్రానికి చేతిలో ఏదో ఒకటి పడుతుంది. డిగ్రీ చదివితే ఏం పడుతుందో ఆ గల్లీలో చూపించటానికి మనిషి లేడు. చదివిన ఒక్కడూ ఇంటర్వ్యూలో పేరు చెప్పి తిరిగొచ్చిన కథే అక్కడ తిరుగుతూ ఉంటుంది. ఇలా మగపిల్లలు ముందే ఆగిపోతే, డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్లకు సంబంధం ఎక్కడినుంచి తేవాలన్నది అమ్మల బెంగ. అందుకని ఆమెను కూడా ఆపుతారు. దీన్ని బురఖా ఖాతాలో రాయటం సులువు. తెలంగాణలో 2016 నుంచి తెరిచిన 204 మైనారిటీ గురుకులాల్లో దాదాపు సగం ఆడపిల్లలవే. అవి ఇంగ్లీషు మీడియంవి, ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండి చదివేవి. భద్రమైన గది, అన్నం, ఆడ టీచరు ఉంటే పంపిస్తామని తల్లిదండ్రులు ఆ బడుల ద్వారా చెప్పేశారు. అదే పిల్ల డిగ్రీకి పట్నం వచ్చి అద్దెగది అడిగితే పేరు వినగానే ‘ఖాళీ లేదమ్మా’ అంటారు. ఆ సమాధానం చెప్పేది మౌల్వీ కాదు.

రిజర్వేషన్ ఇచ్చాం కదా అంటారు. 2004లో ఒక ఉత్తర్వు ఇచ్చారు, హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, అదీ కొట్టేసింది. 2007లో వెనకబడిన తెగలను గుర్తించి, బీసీ ‘ఇ’ కింద నాలుగు శాతంగా మరో చట్టం తెచ్చారు. 2010 ఫిబ్రవరిలో దాన్నీ కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది నడుస్తూ వచ్చింది. ఆ నాలుగు శాతంలోంచి డాక్టర్లు, ఇంజనీర్లు అయినవాళ్ళు మా గల్లీల్లోనే ఉన్నారు. దాని విలువ మాకు తెలుసు కాబట్టే దాని పునాది ఎంత పలచనో కూడా తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా అలాంటిదే. సర్కారు బకాయి పడుతుంది, కాలేజీ సర్టిఫికెట్ ఆపుతుంది, ఆటో తోలే తండ్రి అప్పు చేస్తాడు. ఇక పైకి పోయేవాళ్ళ సంగతి. పరిశోధన విద్యార్థులకున్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం ఆపేసిన సంగతి 2022 డిసెంబరులో పార్లమెంటులో చెప్పారు. ఎనిమిదో తరగతి దాకా పిల్లలకిచ్చే చిన్న స్కాలర్‌షిప్పూ ఆ ఏడాదే పోయింది.

బయటివాళ్ళను ఇంత అన్నాక లోపలివాళ్ళను వదలటం న్యాయం కాదు. 1980ల నుంచి హైదరాబాదులో మైనారిటీ ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు అది, దాన్ని మేం కాపాడుకుంటాం. కానీ ఆ గేటు దాటి లోపలికి పోతున్నది ఏ ఇంటి పిల్లలు? కాన్వెంటులో చదివినవాళ్ళు, గల్ఫు డబ్బు ఉన్నవాళ్ళు. ముషాయిరాల్లో ముందువరసలో కూచుని ఉర్దూ జిందాబాద్ అనే పెద్దమనుషుల్లో ఎంతమంది తమ పిల్లల్ని సర్కారు ఉర్దూ మీడియం బడికి పంపారో చేతులెత్తమంటే సభ నిశ్శబ్దమైపోతుంది. పేదవాడి పిల్లలు ఉర్దూను బతికించాలి, తమ పిల్లలు ఇంగ్లీషులో బతకాలి. ఇదీ మన అంజుమన్ల భాషాభిమానం. ఉర్దూను వదిలెయ్యమని మేం అనటం లేదు. ఉర్దూలో చదివిన పిల్లకు ఇంగ్లీషులోకీ తెలుగులోకీ దారి వేసి పెట్టమంటున్నాం.

మా తోటి పత్రికలవాళ్ళతో కూడా ఒక మాట. ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు, బురఖాలో ఉన్న ర్యాంకర్ నోట్లో వాళ్ళ నాన్న మిఠాయి పెడుతున్న ఫోటో తప్పకుండా వేస్తారు. ‘మట్టిలో మాణిక్యం’ అని శీర్షిక. ఆ ఫోటో వెయ్యండి. ఆ అమ్మాయితోపాటు పదో తరగతిలో పక్కన కూచున్న వాళ్ళు ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఎందరు వచ్చారో అదే వార్తలో నాలుగు లైన్లు రాయండి. ఆ లెక్కకు పెద్ద పరిశోధన అక్కర్లేదు, బడి హాజరుపట్టీ చాలు.

చెయ్యవలసిన పనుల్లో కొన్ని పెద్దవి, సర్కారు చెయ్యాల్సినవి. కొన్ని చాలా చిన్నవి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరసల్లో ఇంటర్ సైన్సు, లెక్కల పదాల పట్టిక ఒకటి అచ్చువేసి పదో తరగతి పరీక్షలు అయిన వారమే ప్రతి ఉర్దూ మీడియం పిల్ల చేతిలో పెట్టాలి. ఏప్రిల్, మే రెండు నెలలు మసీదు పక్క షాదీఖానాల్లో ఆ పదాలతో క్లాసులు నడపాలి. ఎండాకాలం పగలు అవి చాలావరకు ఖాళీగానే ఉంటాయి. చెప్పటానికి రిటైరైన టీచర్లున్నారు, ఆ గోడ దాటి డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయిలున్నారు. ఒకప్పుడు విశ్వవిద్యాలయానికి సరిపడా పుస్తకాలు తర్జుమా చేసిన ఊరు ఇది. ముసల్లస్ పక్కన త్రిభుజం, దాని పక్కన ట్రయాంగిల్ అని రాయటానికి ఎవరి ఫర్మానూ అక్కర్లేదు. మొదటి ముసాయిదా మేం మొదలుపెట్టాం. లెక్కలు, ఫిజిక్సు వరకు అయింది. కెమిస్ట్రీ, బయాలజీ రెండు భాషల్లోనూ తెలిసినవాళ్ళు కావాలి.