పిన్‌కోడ్‌ను విరగ్గొడితే

హైదరాబాద్ అశోక్‌నగర్ సందుల్లో గది, మెస్సు కుదుర్చుకుని గ్రూప్స్ కోచింగ్‌లో చేరినవాళ్లకు సంఖ్యలతో కుస్తీ తప్పదు. పెద్ద సంఖ్య ఒకటి బోర్డు మీద వేసి ‘కారణాంకాలెన్ని?’ అంటే నిమిషంలో జవాబు రావాలి. వాళ్లు ప్రతి దరఖాస్తులోనూ నింపే సంఖ్య మీదే ఆ విద్య ప్రయోగిద్దాం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్‌లు వచ్చాయి. చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కూ ఒకటే: 500020.

20తో భాగిస్తే వచ్చేది 25001. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. అంకెల మొత్తం 8 కనుక 3 పోదు. 7, 11, 13, 17, 19 కూడా పోవు. 23కి ఓ కిటుకుంది: చివరి అంకెను ఏడింతలు చేసి మిగతా భాగానికి కలపాలి. 2500కి 7 కలిపితే 2507. 250కి 49 కలిపితే 299. 29కి 63 కలిపితే 92, అంటే నాలుగు ఇరవైమూళ్లు. పోయింది!

ఈ కిటుకును మంత్రంలా బట్టీపట్టేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం దాని వెనకున్న లెక్కే ముద్దు. ఏడు పదులు 70, మూడు ఇరవైమూళ్లు 69, తేడా ఒకటే. అందుకే ఒకట్ల స్థానంలోని ఒక్కో ఒకటినీ ఏడు పదులుగా మార్చినా 23తో భాగించినప్పుడు శేషం మారదు. ఇది అర్థమైనవాడు 19కీ 29కీ కిటుకు తనే తయారుచేసుకుంటాడు.

25001 అంటే 23×1087. 1087 ప్రధాన సంఖ్య. కాబట్టి 500020 = 2²×5×23×1087. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 3×2×2×2, మొత్తం 24 కారణాంకాలు.

సంఖ్యలతో ఈ సరదా కోచింగ్ సెంటర్లతో పుట్టింది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను హారాల్లా గుచ్చాడు. 27994681ని 441తో గుణించి చూడండి, 12345654321 వస్తుంది. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన.

ఇక నారాయణగూడ. చిక్కడపల్లి నుంచి నడిచి వెళ్లొచ్చు. పిన్‌కోడ్ 500029, తేడా తొమ్మిదే. కానీ ఇది కొరకరాని కొయ్య. వర్గమూలం 707 పైచిలుకు, అంతలోపు ప్రధాన సంఖ్యలు 126. ఓ సాయంత్రం కూచుని వరసగా అన్నిటితోనూ భాగించాను. 347 దగ్గర శేషం 2కి దిగి ఆశపెట్టింది గానీ, చివరికి ఒక్కటీ పోలేదు. 500029 ప్రధాన సంఖ్యే.

4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా, అదీ ఒకే ఒక్క విధంగా, రాయొచ్చని ఫెర్మా చెప్పాడు, ఆయిలర్ నిరూపించాడు. నారాయణగూడ ఆ కోవలోదే: 702² + 85². చిక్కడపల్లికి 24 కారణాంకాలున్నా ఆ యోగం లేదు. 23ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది, దానికి జతగా ఇంకో 23 అక్కడ లేదు.