ఎఱ్ఱన అందుకున్న తీరు

‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. అప్పటి నుంచి మా ధవళేశ్వరం బ్యారేజీ గట్టు మీద నలుగురు కుర్రాళ్లు చేరితే ఒకటే వాదన: ఆ సినిమాలోని అశ్వత్థామ అన్నేళ్లు ఎలా బతికాడు? సౌప్తిక పర్వంలో కృష్ణుడు ఇచ్చిన శాపం మూడు వేల ఏళ్లకే. క్రీ.పూ. 3102లో కలియుగం మొదలైందన్న సంప్రదాయ గణన ఉంది. దానికి సినిమా పేరులోని 2898 కలిపితే ఆరు వేలు. అలాగైతే శాపం క్రీస్తుకు ముందే తీరిపోవాలి కదా అంటాడొకడు. చిరంజీవుల శ్లోకం మొదలయ్యేదే అశ్వత్థామ పేరుతో, ఇక శాపం గడువుతో పనేముంది అంటాడు ఇంకొకడు.

దీన్ని పనిలేని వాదన అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ముందు చెప్పిన కథకు తర్వాతి కథ కట్టుబడి ఉందా అని నిలదీయడం పురాణం విన్న జాతికి ఉండే హక్కు. పైగా తెలుగులో అతి పెద్ద కొనసాగింపు కథ మొదలైంది మాకు కాస్త ఎగువన, రాజమహేంద్రవరంలోనే.

పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. కృతిభర్త మారాడు, హరిహరనాథుడయ్యాడు. శైలీ మారింది, నాటకంలా నడిచింది. మిగిలిన అరణ్యపర్వాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ఆయన పని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నన్నయ శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగాడు. ఎఱ్ఱన అదే శరత్తులో ఉదయాన్ని వర్ణిస్తూ మొదలుపెట్టాడు. రుతువు మారలేదు, తెల్లవారిందంతే. నన్నయ ధోరణిలో బయల్దేరి, పర్వం ముగిసేసరికి తిక్కన ధోరణికి చేరాడు. ఆ భాగాన్ని తన ప్రభువుకు కాక, సుమారు మూడు వందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. సీక్వెల్ తీసేవాడికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఏం కావాలి?

ఈ నేర్పు మన తెరకూ వచ్చింది. ‘మాయాబజార్’ (1957)లోని శశిరేఖాభిమన్యుల పెళ్లి వ్యాసభారతంలో లేదు. కె.వి.రెడ్డి పాండవులను తెర మీదకే రానివ్వలేదు. వాళ్లు కనిపించి ఉంటే, అప్పుడు అడవిలో ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అన్న ప్రశ్నలన్నీ మీద పడేవి. మూలంలో చోటు చూసుకుని అందులో కథ పెట్టాడు, మూలాన్ని కదపలేదు. ఆ సినిమాకు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. కాలయంత్రం ఆలోచన హెచ్.జి.వెల్స్ నవలది. కానీ ఆ యంత్రం ముందుగా దిగింది 1526 నాటి విజయనగరంలో, రాయలవారి ఎదుట, తెనాలి రామకృష్ణుడి పక్కన. తెలిసిన చరిత్ర మీద కాలు మోపాకే 2504కు వెళ్లింది. అక్కడ అణుధార్మికతకు భయపడి మనుషులు భూమి లోపల బతుకుతుంటారు. అదే సింగీతం ‘కల్కి’కి మార్గదర్శకుడిగా దర్శకుడు నాగ్ అశ్విన్ పక్కన నిలిచారు. కె.వి.రెడ్డి దగ్గర నుంచి నాగ్ అశ్విన్ దాకా చెయ్యి చెయ్యి పట్టుకుని వచ్చిన విద్య ఇది.

బయటి ప్రపంచంలోనూ ఇలాంటి శ్రద్ధ ఉంది. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) నవలలో ఓడ శనిగ్రహానికి వెళ్తుంది, సినిమాలో గురుగ్రహానికి. కొనసాగింపు నవల రాసేటప్పుడు ఆర్థర్ సి.క్లార్క్ తన సొంత నవలను పక్కన పెట్టి సినిమానే అనుసరించాడు, ఎందుకంటే జనం మనసులో నిలిచింది అదే. 1984లో దాన్ని తెరకెక్కించిన పీటర్ హయమ్స్‌కు పాత ఓడ నమూనా దొరకలేదు. మొదటి సినిమా తీసిన కుబ్రిక్ దాన్ని నాశనం చేయించాడు. పాత సినిమా ఫ్రేములు చూసి ఓడను మళ్లీ కట్టుకున్నారు. అది భక్తి, వేరే పేరు లేదు.

మా ఊళ్లో కొత్త బ్యారేజీ కట్టినప్పుడు కూడా 1852 నాటి కాటన్ ఆనకట్టకున్న నాలుగు భాగాలే నిలిచాయి: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. గేట్లు కొత్తవి, అమరిక పాతది. ‘కల్కి’ రెండో భాగానికీ అమరిక చెదరకూడదు. సుమతి పాత్రధారిణి దీపికా పదుకొణె ఇక ఉండరని 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ ప్రకటించినప్పుడు అభిమానులు కంగారుపడ్డారు. నాకు అది పెద్ద చిక్కుగా తోచదు. మొహం మారినా పాత్ర నిలుస్తుంది; నాటకాల ఊళ్లలో ఏటా చూసిందే.

అసలు చిక్కు కర్ణుడు. మొదటి భాగం చివర కథానాయకుడు భైరవుడే కర్ణుడని తేలింది. ఇక్కడి ప్రేక్షకుల్లో చాలామందికి కర్ణుడంటే 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్, తప్పంతా అవతలివాళ్లది. భారతంలోని కర్ణుడు అలా కాదు. దానమూ స్నేహమూ శౌర్యమూ ఎంత నిజమో, నిండు సభలో ద్రౌపదిని అన్న మాటలూ అంతే నిజం. నాగ్ అశ్విన్ అభిమానుల చప్పట్ల కోసం మొదటి కర్ణుణ్ని పట్టుకుంటే అర్జునుడు చిన్నబోతాడు, కురుక్షేత్రం ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆయన భారతం దగ్గరికి వెళ్లాలని నా కోరిక. ఆరు వేల ఏళ్ల తర్వాత ఆ మనిషి మళ్లీ పుట్టడానికి కారణం ఆ సభలో నోరు జారిన మాటల్లోనే ఉంది.