కాజీపేట నుంచి డకార్ దాకా

ఆఫ్రికా నవల ఓరుగల్లుకు కొత్త చుట్టం కాదు. కెన్యా రచయిత గూగీ వా థియోంగో 1978లో జైల్లో ఉండి, రాసుకోవడానికి కాగితం లేక, టాయిలెట్ పేపర్ మీద తన మాతృభాష గికుయులో ఒక నవల రాశారు. దాన్ని ‘మట్టికాళ్ల మహారాక్షసి’ పేరుతో తెలుగులోకి తెచ్చింది మన సీకేఎం కాలేజీలో పాఠాలు చెప్పిన వరవరరావు. ఆ అనువాదం చేసినప్పుడు ఆయన కూడా జైల్లోనే ఉన్నారు. గూగీ జైలు డైరీని ‘బందీ’గా మనకు ఇచ్చిందీ ఆయనే. 2010లో వరవరరావు జైలు లేఖలు ఇంగ్లిష్‌లో వస్తే గూగీ ముందుమాట రాశారు. 2025 మే 28న గూగీ పోయారని తెలిసిన రోజు సొంత మనిషిని పోగొట్టుకున్నట్టే అనిపించింది నాకు.

ఇంత అనుబంధం ఉన్న ఊళ్లో ఆఫ్రికా నవలలు సులువుగా దొరకాలి కదా? దొరకవు. హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. తెలుగు పుస్తకానికి ఇక్కడ లోటు లేదు. కానీ పుస్తకాల షాపులకు వెళ్తే గ్రూప్స్ గైడ్లు, కానిస్టేబుల్ పరీక్షల మెటీరియల్ గుట్టలుగా ఉంటాయి. సెనెగల్ రచయిత్రి పేరు చెబితే ఆర్డర్ పెట్టి తెప్పిస్తామంటారు. 1962లో లండన్‌లో మొదలైన ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్‌కు తొలి సంపాదకుడు చినువా అచెబె. ఆ సిరీస్‌లో వచ్చిన నవలల జాబితా చూస్తూ, వీటిలో ఎన్ని మన ఊరిదాకా వస్తాయా అని ఎన్నోసార్లు అనుకున్నాను.

నన్ను ఈ-బుక్కుల వైపు తీసుకెళ్లింది ఈ కొరతే. ఫోన్‌లో నవల చదవడం నాకు పడలేదు. పేజీ మధ్యలో మెసేజ్ మోగుతుంది, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది. ఈ-ఇంక్ రీడర్ సంగతి వేరు. దాని తెరలో నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తుకు స్పందించి పైకీ కిందికీ కదిలి అక్షరాలవుతాయి. గదిలో వెలుతురే ఆ తెరమీద పడి, కాగితంలాగే కళ్లకు తగులుతుంది. పేజీ తిప్పినప్పుడే ముఖ్యంగా కరెంటు కావాలి కాబట్టి ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. అక్షరం చిన్నదనిపిస్తే పెంచుకోవచ్చు. కళ్లజోడు నంబరు మారుతున్న వయసులో అది ఎంత పెద్ద సాయమో నా తోటివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆఫ్రికా నవలలకు ఈ-బుక్కు ప్రత్యేకంగా పనికొచ్చే చోటు ఇంకొకటుంది. గూగీ రాసిన ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ (1967) చూడండి. కెన్యాకు 1963 డిసెంబర్ 12న స్వాతంత్ర్యం వచ్చింది. దానికి ముందు కొద్ది రోజుల్లో నడిచే కథ అది. కానీ తెల్లవాళ్ల పాలన మీద సాగిన మౌమౌ తిరుగుబాటు రోజుల్లోకి మాటిమాటికీ వెనక్కి వెళ్తుంది. ముగో, గికోన్యో, ముంబి, కరంజా, కిహికా... మన చెవికి కొత్త పేర్లు, ఒకరి తర్వాత ఒకరు వస్తారు. అచ్చు పుస్తకంలోనైతే ‘ఈయనెవరు?’ అని పేజీలు వెనక్కి తిప్పుకోవాలి. ఈ-బుక్కులో పేరు మీద వేలు నొక్కి వెతికితే ఆ మనిషి మొదట కనిపించిన చోటు వచ్చేస్తుంది. కిహికాను తెల్లవాళ్లకు పట్టించిందెవరన్న ప్రశ్న నవల పొడవునా వెంటాడుతుంది. ఆ జవాబు వెతుక్కుంటూ ముందు పేజీలకు వెళ్లి గీత పెట్టుకోవడం, అంతా అయ్యాక ఆ గీతలన్నీ ఒకచోట చదువుకోవడం నా అలవాటైంది. స్వాతంత్ర్యం వచ్చిన పూట ఎవరు పండుగ చేసుకున్నారు, ఎవరు తలవంచుకున్నారు అని అడిగే ఇంత నిజాయితీ గల నవలను నేను ఎక్కువగా చూడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పే పేరు సెనెగల్ రచయిత్రి మరియామా బా. ఫ్రెంచిలో 1979లో వచ్చిన ఆమె నవల ఇంగ్లిష్‌లో ‘సో లాంగ్ ఎ లెటర్’. వంద పేజీలకు అటూఇటూ ఉంటుంది. భర్త పోయిన టీచరమ్మ రమతులాయ్ ఇద్దత్‌లో, అంటే ముస్లిం వితంతువు ఇల్లు కదలకుండా గడిపే సంతాప కాలంలో, కూర్చుని స్నేహితురాలికి రాసే ఉత్తరమే ఆ నవల. తన కూతురి స్నేహితురాలినే రెండో భార్యగా తెచ్చుకున్న భర్త గురించి ఆమె అరవకుండా, దాచకుండా చెబుతుంది. మన ఊరి మండీబజార్‌లోనో చార్‌బౌలిలోనో ఉండే ఆడవాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపిస్తే సెనెగల్ ఎక్కడుందని అడగరు.

తర్వాత సిట్సీ డంగరెంబ్గా ‘నర్వస్ కండిషన్స్’ (1988). అప్పటి రొడీషియాలో, ఇప్పటి జింబాబ్వేలో, ఇంట్లో డబ్బు లేదని ఆడపిల్ల టాంబు చదువు ఆపేస్తారు, అన్న చదువు సాగుతుంది. ఆ పిల్ల ఓ చెక్క భూమిలో మక్కజొన్న వేసి, కంకులు అమ్మి ఫీజు కట్టుకోవాలని చూస్తుంది. ఆ కంకులను దొంగిలించేది అన్నే. మన పక్క మక్క చేనుల్లో పనిచేస్తూ చదువుకున్న అమ్మాయిలు ఈ పేజీలు చదివితే పొడిచినట్టు తాకుతాయి.

కాజీపేట రైల్వే కుటుంబాలకు మాత్రం సెంబెన్ ఉస్మాన్ ‘గాడ్స్ బిట్స్ ఆఫ్ వుడ్’ (1960) చెబుతాను. పశ్చిమ ఆఫ్రికాలో డకార్-నైజర్ రైల్వే కార్మికులు 1947 అక్టోబర్ నుంచి 1948 మార్చి దాకా చేసిన సమ్మె దాని కథ. తెల్ల కార్మికులతో సమానంగా కుటుంబ భత్యం, పెన్షన్ అడిగారు. కంపెనీ నీళ్లు బంద్ చేసింది, తిండి అందకుండా చేసింది. అప్పటిదాకా వంటిల్లు దాటని ఆడవాళ్లు థియెస్ నుంచి డకార్ దాకా నడిచారు. 1974 మేలో దేశమంతా 20 రోజులు సాగిన మన రైల్వే సమ్మెను చూసిన ఇంట్లో ఈ నవల ఉండాలి. ఈ-బుక్కుగా దొరక్కపోతే లైబ్రరీలో అడిగైనా చదవండి.

నచ్చుతుందో లేదోనని సంకోచించేవాళ్లకు శాంపిల్ సౌకర్యం ఉంది. చాలా ఈ-బుక్కుల మొదటి పేజీలు ఉచితంగా చదవవచ్చు. మొదటి అధ్యాయం పట్టుకుంటేనే కొనండి. అచ్చు పుస్తకాన్ని వదిలేయమని నేను ఎవరికీ చెప్పను. నాకు బాగా నచ్చిన నవల కాగితం మీద కూడా అలమరలో ఉండాల్సిందే.

నేను అడిగేది ఒక్కటే, అదీ మన ప్రచురణకర్తలను. అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘చెదిరిన సమాజం’గా ఎప్పుడో అందించింది. గూగీ తెలుగులో ఉన్నారు. తెలుగు ఈ-బుక్కులకు 2010లోనే కినిగె వెబ్‌సైట్ దారి వేసింది. 2016 డిసెంబర్‌లో కిండిల్ అయిదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు అందులో తెలుగు లేదు. అలాంటి చోట మనవాళ్లే పూనుకోవాలి. ఆఫ్రికా నవలల పాత అనువాదాలన్నిటినీ ఈ-బుక్కులుగా తెండి. మరియామా బాను, డంగరెంబ్గాను, సెంబెన్‌ను మంచి తెలుగులో చేయించి ఆ వరసలో చేర్చండి. ఇంగ్లిష్ రాని పాఠకుడికి కూడా ఆ నవలలు అందాలి.