తాడు లాగితే పలకాలి

నూజివీడు రసాల తీపిని అందరం మెచ్చుకుంటాం. మామిడి పూతను తేనెమంచు పురుగు నుంచి, బూడిద తెగులు నుంచి కాపాడే పవర్ స్ప్రేయర్‌ను, దాన్ని బాగుచేసే మెకానిక్‌ను ఎవరు తలుస్తారు?

వీపున మోసే పెట్రోల్ స్ప్రేయర్లలో చాలావాటిది టూ స్ట్రోక్ ఇంజనే. దానికి ఆయిల్ పెట్రోల్లోనే కలపాలి. 25:1 పాళ్లంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గుకు మసి పడుతుంది.

మెకానిక్ అసలు పనితనం సీజను ముగిశాక చూడాలి. మందు ట్యాంకు కడిగి, మంచినీళ్లతో ఆడిస్తాడు. పెట్రోలు తీసేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడుపుతాడు; లేదంటే కార్బురేటర్‌లో మిగిలింది జిగురుకట్టి సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల ఆయిల్ వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగుతాడు. ఫిల్టర్ శుభ్రం చేసి, "ఎలుకలకు అందకుండా పెట్టు బాబాయ్" అని అప్పగిస్తాడు.

పూత రైతు కోసం ఆగదు. జనవరిలో తొలి లాగుకే ఇంజన్ పలికిందంటే, అది జూన్‌లో ఆ చేతులు చేసిన పుణ్యమే.